ఇసుక మీద నిలిచిన ఆనకట్ట – సర్ ఆర్థర్ కాటన్ దొరగారి చరిత్ర

ఇసుక మీద ఇల్లు కట్టుకొనిన బుద్ధిహీనుని ఉపమానము మన ఆదివారపు బడి పిల్లలందరికిని తెలిసినదే. అయితే ఉభయ గోదావరి సీమలలో పండెడి ధాన్యములో అధిక భాగము, 130 సంవత్సరములు ఇసుక మీదనే నిలిచిన ఒక ఆనకట్ట మూలముగా పండినదని మనలో ఎందరము తలంచితిమి? దానిని కట్టించినవారు ఆ ఉపమానమును మనకంటె బాగుగా చదివిన భక్తిపరులే. తెలిసియే ఇసుక మీద కట్టిరి. అది ఎట్లు నిలిచినదో, కట్టినవారెట్టివారో మన సంఘస్థులకు తెలియజేయగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆర్థర్ థామస్ కాటన్ దొరగారు 1803 మే 15న ఇంగ్లండు దేశములో జన్మించిరి. అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో మన దేశమునకు వచ్చిరి. అప్పటికి వారికి పదునెనిమిదేండ్లు. మొదటి బర్మా యుద్ధములో పనిచేసిరి. వారి పేరు నిలిపినది మాత్రము యుద్ధము కాదు, నీరు.

ఆ పాఠము కావేరీ తీరమున నేర్చుకొనిరి. శ్రీరంగము ఎగువన కావేరి రెండు పాయలుగా చీలును. ఉత్తరపు పాయయైన కొల్లడము వాలు ఎక్కువగా గలది. కావున ఏటేట నీరంతయు అటువైపే లాగుకొనిపోవుచుండెను. కావేరి పాయ ఇసుకతో పూడుకొనిపోయి, తంజావూరు పొలములు బీడువారుచుండెను. అక్కడనే పూర్వకాలపు చోళరాజులు కట్టించినదని చెప్పెడి కల్లణై అను పాత ఆనకట్ట కలదు. కాటన్ దొరగారు దానిని శ్రద్ధగా పరిశీలించిరి. అడుగున రాయి తగలని వదులు ఇసుకలో పునాది ఎట్లు వేయవలెనో ఆ అజ్ఞాత శిల్పుల పని చూచియే తాము గ్రహించితిమని వారు తరువాతి కాలమున దాపరికము లేక ఒప్పుకొనిరి. పాలించు జాతివాడు పాలింపబడు జాతి యొద్ద శిష్యుడనని చెప్పుకొనుట ఆ రోజులలో అరుదు. వారి పనులన్నిటికంటె ఈ ఒక్క గుణమునే మేము మిన్నగా ఎంచుచున్నాము.

1836 ప్రాంతమున కొల్లడము మీద ఎగువను ఒకటి, దిగువను ఒకటి, రెండు ఆనకట్టలు కట్టించిరి. తంజావూరు మరల పచ్చబడెను. ఎగువ ఆనకట్ట 182 సంవత్సరములు పనిచేసి, 2018 ఆగష్టులో వచ్చిన వరదలో కొంత భాగము కొట్టుకొనిపోయినది. ఒక కట్టడమునకు అది తక్కువ ఆయుష్షు కాదు. మద్రాసు దగ్గర ఎర్రకొండల నుండి రోడ్ల రాయి తెచ్చుటకు 1837లో వేసిన ఇనుప పట్టాల బండిబాట కూడ వారి పనియే. మన దేశములో మొట్టమొదటి రైలుబాట అదియే అందురు. 1841లో వారు ఎలిజబెత్ లియర్మంత్ అను ఆమెను వివాహమాడిరి.

ఇక మన గోదావరి సంగతి. ఆ దినములలో రాజమహేంద్రవరపు జిల్లా పరిస్థితి చెప్పుటకు నోరు రాదు. 1832–33 నందన నామ సంవత్సరపు కరువును మన తాతలు డొక్కల కరువు అనిరి. పక్కనున్న గుంటూరు సీమలో 5 లక్షల జనములో సుమారు 2 లక్షలమంది ఆ కరువుకు బలియైరి. 1839లో కోరంగి వైపున తుపాను ఊళ్లకు ఊళ్లనే ముంచెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. చచ్చినవారు చావగా, తక్కినవారు వలసపోయిరి. ఇంత జరుగుచుండగా గోదావరి నిండుగా ప్రవహించి సముద్రములో కలియుచునే యుండెను!

ఈ విపరీతమునకు కారణము డెల్టా నేల తీరులోనే కలదు. గోదావరి వేల ఏండ్లుగా ఒండ్రు మోసికొనివచ్చి తన గట్లను తానే ఎత్తు చేసికొన్నది. అందుచేత నది యొడ్డు ఎత్తు, దూరపు పొలములు పల్లము. వరద వచ్చిన కాలమున ఆ నీరు పొలములను ముంచును, వరద తీసిన పిమ్మట నది అడుగుకు దిగిపోయి చేనికి అందదు. కాటన్ దొరగారు గుర్రమెక్కి ఈ సీమ అంతయు తిరిగి చూచి, 1844–45లో ప్రభుత్వమునకు నివేదికలు పంపిరి. డెల్టా తలయొద్ద, ధవళేశ్వరమునొద్ద నీటిమట్టమును కొలది అడుగులు ఎత్తినయెడల చాలును. ఆపై యంత్రము లేక, ఏతము లేక, నీరు తన వాలున తానే సముద్రతీరము వరకు పారునని వారి లెక్క.

కుంపిణీవారు 1846 డిసెంబరులో అనుమతించిరి. అయితే చేయి మాత్రము బిగించిరి. దొరగారు పెద్ద సంఖ్యలో ఇంజనీర్లను అడుగగా, వచ్చినది పని నేర్పవలసిన ఒక చిన్నవాడు, కొందరు శిక్షణ పిల్లలును. అయినను 1847లో పని మొదలాయెను. పదివేలమంది కూలీలు, ఐదువందలమంది వడ్రంగులు, ఐదువందలమంది కమ్మరులు కూడిరి. వారిని కూడగట్టి నడిపించుటలో వీణం వీరన్నగారు దొరగారికి కుడిభుజమై నిలిచిరి.

పని జరిగిన తీరు కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ధవళేశ్వరమునొద్ద నది గట్టు నుండి గట్టుకు నాలుగు మైళ్ల వెడల్పు, నడుమ లంకలు. ఆ లంకలనే ఆసరాగా తీసికొని ఆనకట్టను నాలుగు భుజములుగా విడదీసిరి: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. నాలుగింటి రాతికట్టు కలిపి రమారమి రెండుంబావు మైళ్లు. లంకల మీద మట్టిగట్లు వేసిరి. ఎత్తు 12 అడుగులు మాత్రమే. నీటిని నిలువ చేయుట దాని పని కాదు, మట్టమును ఎత్తి కాలువల నోటికి అందించుటయే. వరద కాలమున గోదావరమ్మ దాని నెత్తి మీదుగా పొర్లిపోవలసినదే, దానికి అడ్డు చెప్పరాదు.

పునాదికి ఇసుకలో సుమారు ఆరడుగుల లోతున బావులను వరుసలు వరుసలుగా దింపిరి. గుండ్రని కట్టు కట్టి, లోపలి ఇసుక తోడుచుండగా ఆ కట్టు తన బరువుతో తానే దిగును. మన పల్లెలలో నూతులు దింపువారికి ఇది క్రొత్త విద్య కాదు. బావులను నింపి, వాటి మీద వెడల్పయిన రాతితలము పరచి, వెనుకకు ఏటవాలుగా దించిరి. నీరు పైనుండి దూకి క్రింది ఇసుకను తవ్వివేసినచో కట్టడము కూలునని తెలిసి, దిగువను విస్తారముగా వదులు రాళ్లు గుమ్మరించిరి. కిటుకంతయు ఇందే యున్నది. ఆ రాళ్లకు సున్నము లేదు, కట్టు లేదు. ఇసుక కోసికొనిపోయిన చోట అవియే క్రిందికి జారి ఆ గోతిని పూడ్చును, పైన మరికొన్ని రాళ్లు వేసిన చాలును. బిగువుగా కట్టినది పగిలియుండును, వదులుగా నున్నది సర్దుకొని నిలిచెను. కాలువల నోళ్లవద్ద మేట వేసిన ఇసుకను ఊడ్చివేయుటకు తూములు, పడవలు ఎక్కి దిగుటకు లాకులు అమర్చిరి.

రాయి ధవళేశ్వరపు కొండదే. క్వారీ నుండి ఏటి యొడ్డుకు ఇనుప పట్టాలు వేసి బండ్లపై దొర్లించిరి. ఏటిలో పని చేయుటకు ఏడాదిలో వరద లేని నెలలు మాత్రమే దొరకును. నడుమ 1848లో దొరగారి ఆరోగ్యము చెడి, దాదాపు రెండేండ్లు దూరముగా ఉండవలసివచ్చెను. అప్పుడు ఓర్ దొరయే పనిని నిలబెట్టెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను.

ఆ సమయముననే హేగ్ దొర వైనతేయ పాయ మీద గన్నవరపు అక్విడక్టును, నలువదడుగుల వెడల్పుగల 49 కమానులతో, నాలుగు నెలల పనికాలములో ముగించెను. ఏటి మీదుగా కాలువ పోవుట చూచుటకు జనము తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చియుందురు. ఈ హేగ్ దొరయే తరువాత దుమ్ముగూడెము పనులకు వెళ్లి, 1860 ప్రాంతమున కోయల మధ్య సువార్త పనికి ఆదికారకుడాయెను. ఆయన కచేరీలో పనిచేసిన వెంకటరామరాజుగారు ఆ అడవులకు మొదటి బోధకుడాయెను.

కాలువలు వచ్చిన తరువాత బీడులు మాగాణులాయెను. పడవలు కాకినాడ నుండి ఏలూరు, బెజవాడ మీదుగా, బకింగ్‌హాము కాలువతో కలిసి మద్రాసు వరకు నడిచెను. మన మిషనరీలు ఈ కాలువల మీదనే పడవలో కాపురముండి ఊరూర దిగి బోధించిరి. అయితే ఒక్క మాట దాచరాదు. రాయి మోసినవారందరికి మాగాణి రాలేదు. కాలువ చివర పేటలలోని మన పెద్దలు అనేకులు తరతరములు ఇతరుల చేలలోనే నాట్లు వేసి, కోతలు కోసిరి. కరువు చావు తప్పినది, కూలి బ్రతుకు తప్పలేదు. ఇది కాటన్ దొరగారి లోపమనము, గాని చరిత్ర వ్రాయునపుడు విడిచిపెట్టుటయు న్యాయము కాదు.

కృష్ణ మీద బెజవాడ ఆనకట్టను ఓర్ దొర 1855లో ముగించెను. కాటన్ దొరగారికి 1861లో సర్ బిరుదు వచ్చెను. తరువాతి కథ అంత సుఖమైనది కాదు. వారి ప్రోత్సాహముతో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు – కడప కాలువ నష్టములపాలాయెను. రైళ్ల మీద పోయు ధనములో కొంత కాలువల మీద పెట్టినయెడల కరువు ఉండదని, నదులన్నిటిని కాలువలతో కలుపవలెనని వారు పట్టుదలతో వాదించిరి. 1878లో పార్లమెంటు సంఘమువారు వారిని పిలిచి గట్టిగా ప్రశ్నించిరి, వారి మాట నెగ్గలేదు. పట్టుదలలో కొంత అతి ఉన్నదని మాకును తోచుచున్నది. అయినను అప్పటికి రెండేండ్ల ముందటి ధాతుకరువులో దక్షిణ దేశమున లక్షలాది జనము మడిసిన సంగతి ఎరిగినవారు ఆ మాటను నవ్వి తోసివేయజాలరు.

చివరి కాలము ఇంగ్లండులో డార్కింగ్ అను ఊర గడిపిరి. అక్కడను ఊరక కూర్చుండక, నేలను లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేసిరి. 1899 జూలై 24న తొంబదియారవ ఏట ప్రభువునందు నిద్రించిరి. సువార్తికురాలైన వారి కుమార్తె లేడీ హోప్‌గారు మరుసటి సంవత్సరము వారి జీవితచరిత్రను ప్రకటించిరి.

పాత ఆనకట్ట స్థానములో 175 తలుపులుగల క్రొత్త బ్యారేజి 1982లో పూర్తియై, వారి పేరనే పిలువబడుచున్నది. ధవళేశ్వరములో వారి పేర మ్యూజియమును కలదు. గోదావరిలో స్నానము చేయు హిందూ సోదరులు సంకల్పములో వారిని తలంచుకొందురు, కొందరు రైతులు వారికి తర్పణములు కూడ విడుతురు. వీరన్నగారి పేరు మన జిల్లాలలో ఇప్పటికిని కొందరి నోట వినవచ్చును. ఆ పదివేలమంది కూలీల పేర్లు ఏ రాతి మీదను లేవు. వారు దింపిన బావులు మాత్రము నూటముప్పది ఏండ్లు గోదావరి వరదను మోసినవి.