బధిర పిల్లల గురువు ద లెపే

సుమారు 1760 నాటి మాట. పారిస్‌లో ఒక ఇంటికి షార్ల్ మిషెల్ ద లెపే అనే కేథలిక్ ఫాదర్ ఏదో పని మీద వెళ్లారు. లోపల ఇద్దరు అక్కచెల్లెళ్లు కుట్టుపని చేసుకుంటున్నారు. పలకరించారు, జవాబు లేదు. మళ్లీ పలకరించారు, తలైనా ఎత్తలేదు. ఇంతలో తల్లి వచ్చి, పిల్లలిద్దరికీ వినపడదని చెప్పింది. అంతకుముందు మరో ఫాదర్ వాళ్లకు బొమ్మలు చూపించి పాఠాలు చెప్పేవారు. ఆయన చనిపోయాక ఆ కాస్త చదువూ ఆగిపోయింది. ద లెపే గురించి అందరూ చెప్పుకునే కథ ఇది.

ఆయన 1712లో వెర్సాయ్‌లో పుట్టారు. చర్చి పెద్దలతో అభిప్రాయభేదాల వల్ల ఫాదర్ కావడమే ఆలస్యమైంది, మధ్యలో న్యాయశాస్త్రం కూడా చదివారు. ఆ పిల్లలను చూసేనాటికి యాభైకి దగ్గరపడ్డారు.

అప్పట్లో డబ్బున్నవాళ్లు బధిర పిల్లలకు ప్రత్యేకంగా గురువును పెట్టి, నోటితో పలకడం నేర్పించేవారు. కొందరు గురువులు తమ కిటుకులు బయటికి చెప్పేవారే కాదు. ద లెపే వేరే దారి పట్టారు. సైగలతో మాట్లాడుకునేవాళ్లకు భాష ఉన్నట్టే కదా, అందులోంచే ఫ్రెంచి నేర్పితే సరి అనుకున్నారు.

బదిలీల మీద ఊళ్లు మారే మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. విశాఖ నుంచి ఢిల్లీ వచ్చిన కొత్తలో క్లాసులో చుట్టూ అంతా హిందీయే. మన తెలివి ఎక్కడికీ పోలేదు, భాషే రాదు. పక్క బెంచీలో ఒక తెలుగు పిల్ల దొరికితే ప్రాణం లేచివస్తుంది. అయినా కొన్ని నెలలకు హిందీ చెవినపడి వచ్చేస్తుంది. వినపడని పిల్లకు ఆ దారి కూడా లేదు.

ద లెపే తన ఇంట్లోనే బడి పెట్టారు. ఫీజు లేదు, బీద గొప్ప తేడా లేదు, ఖర్చంతా సొంత డబ్బు. ముసలితనంలో ఒక చలికాలం తన గదికి కట్టెలు కొనడం మానేసి ఆ డబ్బు పిల్లలకే మిగిల్చారనీ, పిల్లలే బతిమాలి మంట వేయించారనీ చెబుతారు. ఢిల్లీ జనవరి తెలిసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. తన పద్ధతిని ఆయన దాచుకోలేదు, 1776లో పుస్తకంగా అచ్చువేశారు. మరుసటి ఏడు చక్రవర్తి రెండవ జోసెఫ్ వచ్చి బడి చూశారు. 1779లో వియన్నాలోనూ అలాంటి బడి వెలిసింది.

ఆయన చేసిందంతా ఒప్పేనని మేము అనం. పిల్లల సైగలు చాలవని, ఫ్రెంచి వ్యాకరణానికి తగ్గట్టు కొత్త సైగలు కల్పించారు. దాంతో పిల్లలు డిక్టేషన్ చక్కగా రాసేవారు గాని, సొంత వాక్యం రాయమంటే తడబడేవారు. బట్టీ అంటే ఏమిటో మనకూ తెలుసు! తర్వాతి గురువులు ఆ కల్పిత సైగలను వదిలేశారు. సైగల భాషను ద లెపేయే కనిపెట్టారని కొన్నిచోట్ల రాస్తారు, అదీ సరికాదు. పారిస్ బధిరులకు ముందునుంచే తమ భాష ఉందని 1779లో పియర్ దెలోజ్ పుస్తకం రాశాడు. ఆయన బధిరుడు, బైండింగ్ పనివాడు.

1789 డిసెంబరులో, ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా, ద లెపే కన్నుమూశారు. 1791లో ఆ బడిని ప్రభుత్వం తీసుకుంది. అక్కడ చదివిన లోరాన్ క్లెర్ అమెరికా వెళ్లి, 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి పెట్టడానికి తోడ్పడ్డాడు. కానీ 1880లో మిలాన్‌లో ఉపాధ్యాయులు సభ జరిపి, బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. ఆ సభలో బధిరుల మాట దాదాపు ఎవరూ వినలేదు. మన దేశంలో 1880ల్లో బొంబాయిలో ఒక కేథలిక్ బిషప్ బధిరుల బడి స్థాపించారు. అయితే ఇక్కడి బడుల్లోనూ చాలాకాలం నోటిమాటకే పెద్దపీట.

భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో మన ఢిల్లీలోనే ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో వచ్చిన దాని నిఘంటువు 2021కి 10,000కు పెరిగింది. మనం చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను సంజ్ఞా భాషలోకి తేవడానికి 2020లో ఒప్పందం కుదిరింది. నిఘంటువు వీడియోలు ఎవరైనా చూడవచ్చు. మేము ముందు మా పేర్లలోని ఇంగ్లిషు అక్షరాలు వెతికాం. ద లెపే వాడిన అక్షరమాలకు ఒక చెయ్యి చాలు, మన భారతీయ సంజ్ఞా భాషలో రెండూ కావాలి.