విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లాండులో జన్మించిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఈయనను భారతీయ వృక్షశాస్త్ర పితామహుడు అంటారు.

జీవితం

ఎడిన్‌బరోలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781 నుండి సామర్లకోటలో పనిచేస్తూ అక్కడి తోటలో మిరియాలు, నీలిమందు వంటి పంటలను పరీక్షించాడు. 1787లో ఇంజరం వద్ద వచ్చిన ఉప్పెనలో ఈయన మొక్కల సేకరణ, పుస్తకాలు, వ్రాతపత్రాలు నాశనమయ్యాయి. అయినను నిరుత్సాహపడక మరల సేకరణ ప్రారంభించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. 1815లో ఎడిన్‌బరోలో మరణించాడు.

కృషి

స్థానిక చిత్రకారులచే మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఈయన గ్రంథం 3 సంపుటాలుగా, 300 చిత్రాలతో 1795 - 1820 మధ్య వెలువడింది. మొక్కల తెలుగు పేర్లను కూడా ఈయన నమోదు చేశాడు. సోమిద అను తెలుగు పేరు తరువాత సోయ్మిడా అనే ప్రజాతి నామమైంది.

హైదరాబాదు తోటలలో

పామరోజా గడ్డిని శాస్త్రీయంగా మొదట వర్ణించినది ఈయనే. క్లాడ్ మార్టిన్ పేరిట దానికి మార్టిని అను జాతి నామం పెట్టాడు. ఈ బహువార్షిక గడ్డి వేళ్ళూనిన తరువాత తక్కువ నీటితో బ్రతుకుతుంది. అందువలన హైటెక్ సిటీ పరిసరాలలో నీరు నిలవని ఎర్రనేలలపై, గడ్డిమైదానాన్ని పోలిన తోట అంచులకు ఇది అనుకూలమైనది.