జి. డి. నాయుడుగారి జీవితము

కోయంబత్తూరు ప్రాంతమున మోటారు పరిశ్రమను గూర్చి ముచ్చటించునప్పుడు జి. డి. నాయుడుగారిని స్మరింపనివారుండరు. వీరి పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు చేరువనున్న కలంగల్ గ్రామమున, తెలుగు మాతృభాషగా గల వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. పాఠశాల చదువుపై వీరికి మనసు నిలువలేదు. ప్రాథమిక తరగతులతోనే అది ముగిసెను.

యౌవనమున నొకనాడు ఆంగ్లేయుడగు ఒక రెవెన్యూ అధికారి యెక్కివచ్చిన మోటారు సైకిలును వీరు చూచిరి. ఎద్దుగాని గుఱ్ఱముగాని లేకయే బండి పరుగిడుట వారికి మిక్కిలి అబ్బురమయ్యెను. అట్టిదానిని సంపాదింపవలెనని కోయంబత్తూరు చేరి, ఒక భోజనశాలలో వడ్డన పనికి కుదిరి, జీతపు సొమ్ము కూడబెట్టి, తుదకు 300 రూపాయలకు మోటారు సైకిలును కొనిరి. కొన్నవారందఱు దానిపై నెక్కి తిరుగుదురు. నాయుడుగారు దానిని విప్పి, ప్రతి భాగమును పరిశీలించి, మరల కూర్చిరి. అదియే వారికి కళాశాల. పిమ్మట యంత్రములను బాగుచేయు పనిని నేర్చిరి.

1920వ సంవత్సరమున స్టేన్సు దొరగారి తోడ్పాటుతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే నడపసాగిరి. ఆ యొక్క బస్సే క్రమముగా ఒక పెద్ద సంస్థగా పెరిగెను. 1937లో వీరి కృషివలన మనదేశపు విద్యుత్ మోటారు వెలువడెను. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ నెలకొనుటకు వీరు కారకులైరి. 1974 జనవరి 4వ తేదీన పరమపదించిరి.

విద్యార్థులారా! యంత్రపు మర్మము తెలిసినవాడే దానిని భద్రముగా నడపగలడని ఈ చరిత్రము మనకు బోధించుచున్నది. నేడు మన మహేశ్వరమున ఏ వీధిని జూచినను మోటారు బండ్లే. వాని లోగుట్టు నెఱిగినవారు కొందఱే. పెట్రోలు యంత్రమున ఇంధనము విద్యుత్ రవ్వచే నంటుకొనును. డీజిలు యంత్రమున గాలిని గట్టిగా నదుముటచే పుట్టిన వేడిమియే దానిని మండించును. కావున నొకదాని ఇంధనము వేఱొకదానికి పనికిరాదు. డీజిలునకు గల జిడ్డు పెట్రోలునకు లేదు; డీజిలు బండిలో పెట్రోలు పోసినచో ఇంధనపు పంపు ఒరసికొని చెడును. పొరబాటున పోసినచో యంత్రమును కదలింపక, ట్యాంకును ఖాళీ చేయింపవలెను.

ఇంధనము పోయించునపుడు యంత్రము నాపవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పునైనను అందుకొనును. వేడిగానున్న రేడియేటరు మూతను విప్పినచో మరగు నీరు ముఖముపై చిమ్మును. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. బ్రేకులను, టైర్లను ప్రయాణమునకు ముందే చూచుకొనవలెను.

నాయుడుగారు విప్పిచూచిన మోటారు సైకిలుపై వారొక్కరే ప్రయాణము చేసిరి. వారి బస్సులలో ఎందఱో తల్లులు, బిడ్డలు ప్రయాణము చేసిరి. బండి నడపువాని చేతిలో తన ప్రాణమేగాక ఇతరుల ప్రాణములును ఉండునని మఱవకుడు.