కాశీకి బయలుదేరిన కుర్రవాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు గుర్తుకు వచ్చిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా పనిచేసిన సంవత్సరాలలో, ఆయన ఆధ్వర్యంలో పుట్టిన మందుల లెక్కలు ఎన్నిసార్లు రాశానో చెప్పలేను. స్టాకు రిజిస్టరులో వచ్చినది, ఇచ్చినది, నిల్వ అని గడులుంటాయి గాని, ఆ మందు ఎవరి పుణ్యమో రాసే గడి ఉండదు. ఆ గడి ఇక్కడ నింపుదామని నా ప్రయత్నం.

మరో కారణం కూడా ఉంది. ఈనాడు మన ఇళ్లలో పిల్లల జీవితం పదో తరగతిలోనే తేలిపోవాలన్న తొందర ఎక్కువైంది. ఒక్క పరీక్షలో ర్యాంకు రాకపోతే ఇంటిల్లిపాదీ దిగులుపడి కూర్చుంటున్నారు. సుబ్బారావు గారు చిన్నప్పుడు కోరుకున్నది ఒకటి, తర్వాత కోరుకున్నది మరొకటి, చివరకు అయినది ఇంకొకటి. అయినా ఆ మొదటి కోరికలు ఏవీ వృథా పోలేదు. ఈ సంగతి మన మనవలకు తెలియడం మంచిదని నా అభిప్రాయం.

బాల్యం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం చెడిపోవడంతో వయసు రాకముందే కొలువు విడిచిపెట్టవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం. నెల జీతం ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో మనలో చాలామందికి వివరించి చెప్పనక్కరలేదు. తల్లి వెంకమ్మ గారు పట్టుదల గల ఇల్లాలు. కొడుకు చదువు కోసం మెడలోని పుస్తెలు కూడా అమ్మారని చెబుతారు.

ఆ ఇంట్లో పెరిగిన కుర్రవాడికి వచ్చిన మొదటి కల డబ్బు సంపాదించాలని. పదమూడేళ్ల వయసులో దగ్గరి బంధువు అయిన మరో కుర్రవాణ్ణి వెంటబెట్టుకొని కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని, ఇంటి కష్టాలు తీరిపోతాయని అతని లెక్క. తల్లికి విషయం తెలిసి మనుషులను పంపించి వెనక్కి రప్పించారు. మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. రెండుసార్లు తప్పిన ఈ విద్యార్థే తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. మార్కుల కాగితం చేతబట్టుకొని పిల్లవాడి భవిష్యత్తు చెప్పే పెద్దలు ఈ ముక్క ఒకసారి ఆలోచించాలి.

సన్యాసం నుంచి వైద్యానికి

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాక ఆయన మనసు మరోవైపు తిరిగింది. రామకృష్ణ మఠం సేవాకార్యక్రమాలు ఆకర్షించాయి. డబ్బు సంపాదించాలనుకున్న కుర్రవాడు ఇప్పుడు అన్నీ వదిలి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నాడు. దానికి తల్లి అనుమతి కావాలి. ఆమె ససేమిరా అన్నారు. మఠం పెద్దలు మధ్యేమార్గం చూపించారు. వైద్యం చదివితే రోగులకు సేవ చేయవచ్చు, అదీ ధర్మమే అన్నారు. అలా సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అంటే వైద్యవిద్య ఆయన కన్న మొదటి కల కాదు, రెండోదీ కాదు. రెండు దారులు మూసుకుపోయాక దొరికిన మూడో దారి.

స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు సాయపడ్డారు. 1919లో మూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో ఆయనకు వివాహం జరిగింది. అవి గాంధీ గారి పిలుపుతో దేశమంతా ఖద్దరు కట్టిన రోజులు. సుబ్బారావు గారు కూడా ఖద్దరు ధరించి కళాశాలకు వెళ్లేవారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఆ కాలంలోనే ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధితో ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. మన ఆయుర్వేదంలో చెప్పే గ్రహణి వంటిది ఆ జబ్బు. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించిపోతుంది. ఇంట్లో డాక్టరు ఉండి కూడా చేయగలిగింది లేకపోయింది. అప్పటికి వైద్యశాస్త్రం దగ్గరే దానికి మందు లేదు. ఆ మందు వెతకాలన్న తపనే ఆయనను సముద్రం దాటించిందని చెప్పవచ్చు.

బోస్టన్ కష్టాలు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో 1920 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. చదివిన వైద్యుడు రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశాడు. దానికి ఆయన చిన్నబుచ్చుకోలేదు.

తరువాత అక్కడే జీవరసాయన శాఖలో చేరారు. 1925లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దానిని తరతరాల విద్యార్థులు నేర్చుకున్నారు. 1927లో కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వీరిద్దరూ వెలికితీశారు. ఎ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుగొన్నాడు.

ఈ ఎ.టి.పి. ఏమిటో నా గుమాస్తా భాషలో చెబుతాను. మనం తినే అన్నం బ్యాంకులో వేసిన డిపాజిట్టు లాంటిది. ఉన్నపళంగా ఖర్చుపెట్టడానికి పనికిరాదు. చేతిలో ఆడే చిల్లర కావాలి. చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా శరీరం ఖర్చుపెట్టే చిల్లరే ఎ.టి.పి. ప్రాణి అన్నదానికల్లా ఇదే నాణెం.

ఇంత పని చేసినా, 1930లో డాక్టరేటు వచ్చినా, హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. చిన్న హోదాలోనే ఏళ్లు గడిచాయి. 1940లో హార్వర్డ్ విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. పెద్ద విద్యాపీఠం కాదన్న మనిషి మందుల కంపెనీలో తన అసలు పని మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు.

ఎనిమిదేళ్ల పంట

అక్కడ గడిపిన ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వాన వచ్చిన ఫలితాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. రక్తం పట్టే గుణమున్న ఈ విటమినును వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేయడంలో ఆయన బృందం విజయం సాధించింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి ఇదే మందుగా పనిచేసింది. వారు పోయిన రెండు దశాబ్దాల తర్వాత అన్నమాట. ఈనాడు గర్భిణీలకు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రెండవది దానికి విరుగుడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థాలను ఇదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ఫలితాలు ప్రకటించారు. పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగానే అయినా జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆశ అన్నది లేని ఆ జబ్బుకు అది తొలి వెలుగు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. మా ఆవిడకు కీళ్లవాతానికి డాక్టరు గారు వారానికి ఒక్కసారే వేసుకోమని రాసింది ఇదే. దాని ఇబ్బందులు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం రాశారు. ఒకే చీటీలో మందూ, విరుగుడూ, రెండూ సుబ్బారావు గారివే. ఇది వాడే పెద్దలు వారానికి ఒకసారి అన్నది మరిచి రోజూ వేసుకోకూడదు, ప్రాణాపాయం.

మూడవది మన పెన్షనర్లు గర్వంగా చెప్పుకోవలసినది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు 1943లో విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యారు. డెబ్బై దాటిన ఆ పెద్దమనిషి సుబ్బారావు గారి హయాంలో లెడర్లీలో చేరి, ఎక్కడెక్కడి మట్టి నమూనాలో పరీక్షించి, బంగారు రంగు బూజులాంటి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దన్న. పని తెలిసినవారికి వయసు అడ్డు కాదని నిరూపించిన సంఘటన ఇది.

నాలుగవది మన గోదావరి జిల్లాలకు దగ్గరి సంగతి. 1947లో వెలువడిన హెట్రజాన్ పైలేరియాకు మందు. బోదకాలు మన కోస్తా ఊళ్లలో ఎంతమందిని మంచానికి, ఇంటికి కట్టేసిందో మన తరానికి తెలుసు. ఆ క్రిములు రక్తంలో తిరిగేది రాత్రివేళ గనుక మా సిబ్బంది రాత్రిళ్లు లాంతర్లు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీసేవారు. వారి టి.ఎ. బిల్లులు, మాత్రల ఇండెంట్లు నా బల్లమీదకు వచ్చేవి. ఆ మాత్ర భీమవరంలో పుట్టిన మనిషి ప్రయోగశాలలో తయారై, ప్రపంచం చుట్టి, మళ్లీ భీమవరం వీధులకే చేరింది. వాచిన కాలు పూర్తిగా మామూలు కాకపోయినా, రక్తంలోని క్రిములను చంపి జబ్బు పాకకుండా చేయడంలో దాని పాత్ర పెద్దది.

చెల్లించిన మూల్యం

ఇంత చెప్పి, మరొక మాట చెప్పకపోతే జమ రాసి ఖర్చు రాయనట్లు అవుతుంది. కొన్నేళ్లలో తిరిగి వస్తాననుకొని వెళ్లిన సుబ్బారావు గారు మళ్లీ స్వదేశం చూడలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకును కాశీ దారి నుంచి వెనక్కి తెప్పించుకున్న తల్లికి, బోస్టన్ దారి నుంచి తెప్పించుకోవడం సాధ్యపడలేదు. చరిత్రలో ఆయన పేరు పక్కన ఈ ఇద్దరు స్త్రీల ఓర్పు కూడా రాసుకోవాలి.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు యాభై మూడు. మన ప్రభుత్వోద్యోగులకైతే ఇంకా సర్వీసు మిగిలి ఉండే వయసు. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే పోయారు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో శతజయంతి సందర్భంగా మన తపాలా శాఖ వారు స్టాంపు విడుదల చేశారు. ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

మొదటి కల ఇంటి కష్టాలు తీర్చాలని. రెండోది అన్నీ వదిలి సేవ చేయాలని. కాశీలో అరటిపళ్ల గంప దొరకలేదు, మఠంలో కాషాయం దొరకలేదు. కాని ఇల్లూ వాకిలీ వదిలి, ప్రయోగశాలే లోకంగా బతికిన ఆ మనిషిని సన్యాసి కాదని ఎవరనగలరు? ఒక ఇంటి కష్టం తీర్చాలనుకున్నవాడు లెక్కలేనన్ని ఇళ్ల కష్టం తీర్చాడు. కోరిక నెరవేరలేదని మనం అనుకునేచోట, అది వేషం మార్చుకొని వేరే గుమ్మం గుండా లోపలికి వస్తుందేమో.

కనుక మన మనవలు, మనవరాళ్లు ఒక పరీక్ష తప్పినా, ఒక కోరిక మార్చుకున్నా కంగారు పడవద్దని, వారికి ఈ భీమవరం కుర్రవాడి కథ చెప్పమని సోదర సభ్యులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.