బ్రౌను దొరగారి జాబులు

ఫిలేమోనుకు వ్రాయబడిన పత్రిక మన బైబిలులో ఒక్క పుటకు మించదు. ఒక యజమానుడు, పారిపోయిన అతని దాసుడు, తీర్చవలసిన బాకీ, సిద్ధపరచవలసిన బస, ఇవే అందులోని సంగతులు. సంతకు పోవువారి చేతికిచ్చి పంపెడి జాబువంటిదే అది. ఇట్టి ఇంటి జాబు లేఖనములలో ఎందుకు చేర్చిరని మా సంఘములో ఒక పెద్దమ్మ మమ్మును అడిగెను. ఆ దినమున మేము చెప్పిన జవాబు మాకే తృప్తినియ్యలేదు. ఆ ప్రశ్న మనస్సులో నుండగా, పరుల జాబులను ప్రాణమువలె దాచియుంచిన ఒక దొరగారి చరిత్ర చదువుట తటస్థించెను. ఈ నెల దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టెను. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు అక్కడ కుంపిణీవారి చాప్లెయిను, అనగా తెల్లవారి సంఘమునకు పాదిరి. లేఖనములను ఈ దేశభాషలలోనికి తెచ్చు పనికి ఆయన ఎంతో తోడ్పడెను. తన కుమారులకును చిన్ననాటనే తూర్పు దేశపు భాషలు చెప్పించెను. 1812లో ఆయన మరణించగా కుటుంబము ఇంగ్లండుకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కుంపిణీ కొలువునకు తర్ఫీదు పొంది, 1817 ఆగస్టు నెలలో బ్రౌను మదరాసులో ఓడ దిగెను. అప్పటికి పందొమ్మిదేండ్లయినను నిండలేదు. తెలుగు రాదు.

మదరాసు కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు అక్షరములు దిద్దించిరి. 1820లో కడపకు పోయి కలెక్టరు క్రింద ఉద్యోగములో చేరెను. చేరిన కొలది దినములకే ఒక చిక్కు తెలిసివచ్చెను. పండితులు పాఠము చెప్పిన తెలుగు పద్యములలోని తెలుగు. కచేరీ మెట్లమీద కూర్చుండి మొరపెట్టుకొను రైతు తెలుగు వేరు. వాని చేతిలోని అర్జీ తెలుగు మరియొక తీరు. ఆ అర్జీని గుమాస్తా చదివి దొరకు ఏమని చెప్పునో, దొర దానినే నమ్మవలెను. గుమాస్తా మంచివాడైన సరి. లంచగొండియైనచో రైతు చెప్పినది ఒకటి, దొర విన్నది మరియొకటి. భాష రాని అధికారి న్యాయము తీర్చలేడను సంగతి బ్రౌనుకు పుస్తకములు చెప్పలేదు, కచేరీయే నేర్పెను. ఆ పిమ్మట 1822లో మచిలీపట్టణము, 1825లో రాజమహేంద్రవరము కోర్టులలో పనిచేసినప్పుడును ఇదే అనుభవము. తగవులు, దొంగతనములు, కట్టని శిస్తులు, చెల్లని పత్రములు దినదినము ఆయన బల్లమీదికి వచ్చుచుండెను. అన్యులు వాటిని తీర్పు చెప్పి పక్కకు నెట్టుచుండిరి. ఈయన మాత్రము వాటిని చదువ మొదలుపెట్టెను.

వేమన పద్యములను 1829లో అచ్చువేయించిన కథ మీలో అనేకులకు తెలియును గనుక దానిని విస్తరించి చెప్పము. పండితులు మోటువని త్రోసివేసిన ఆ పద్యములను తాటాకులనుండి ఏరి, పాఠములు సరిచూచి, ఇంగ్లీషులోనికి మార్చెనని మాత్రము చెప్పుదుము.

1826లో మరల కడపకు వచ్చినప్పుడు ఒక బంగళా, తోట కొని, అందులో పండితులను, వ్రాయసగాండ్రను కూర్చుండబెట్టి తన సొమ్ముతో జీతములిచ్చెను. జనులు దానిని బ్రౌను కాలేజీ అనిరి. జూలూరి అప్పయ్యగారి వంటి విద్వాంసులు ఆయనయొద్ద పనిచేసిరి. ఊరూర తాటాకు గ్రంథములను వెదకించుట, వాటికి ప్రతులు తీయించుట, తప్పులు దిద్దించుట అక్కడి పని. దొర వేరొక ఊరికి బదిలీయైనను పని ఆగలేదు. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు కడపలోని వ్యవహారములను చూచుచుండెను. జాబులు పెరుగుటకు ఇదే కారణము. ఏ గ్రంథము ఎవరియింట నున్నది, ప్రతికి ఎంత అడుగుచున్నారు, ఎవరికి ఎంత జీతము ముట్టినది, ఎవరికి జబ్బు చేసినది, ఊరిలో ఏమి జరుగుచున్నది, ఇవన్నియు తెలుగులో వ్రాసి పంపవలెను. దొర తెలుగులో జవాబియ్యవలెను. గ్రంథముల పనికొరకు ఆయన అప్పులపాలయ్యెను కూడ. పెద్ద జీతగాడు అప్పు చేసి పరాయి భాష గ్రంథములు వ్రాయించుట ఆ కాలపు దొరలకు పిచ్చిగా కనబడియుండును.

ఆయన గుణమును కూడ దాచకుండ చెప్పవలెను. కలము పదునైనది, పై అధికారులతో పొత్తు కుదరదు, పండితులను మెచ్చుకొనునట్లే గట్టిగా విసుగుకొనును. అయినను ఆ మొండితనమే ఒక గడియలో మేలు చేసెను. 1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చెను. ఐదు లక్షలని ఎంచబడిన జనములో లక్షకు పైగా చచ్చిరి. బాటల ప్రక్కను శవములు పడియుండెను. అప్పుడు బ్రౌను ఆ ప్రాంతములోనే కొలువులో నుండెను. మదరాసు కచేరీవారికి ధాన్యపు కొరత అనుమాట ఇష్టము. కరువు అనుమాట ఇష్టము లేదు, ఏలయనగా కరువని ఒప్పుకొన్నచో గంజి పోయవలెను, శిస్తు మానవలెను. బ్రౌను తన నివేదికలలో కరువనియే వ్రాసెను. పైవారు మందలించిరి. మందలించినను ఆ మాటను మార్చలేదు. ఒక్క మాటకొరకు అంత పట్టుదల ఎందుకని పట్టణమువారికి తోచునేమో గాని, కొండలో పంట పోయిన యేడు కొరతకును కరువుకును గల భేదము మన కడుపులకు బాగుగా తెలియును.

1835లో ఆయన ఇంగ్లండుకు పోయి, అక్కడ కుంపిణీవారి గ్రంథాలయములో మూలబడియున్న దక్షిణ దేశపు వ్రాతప్రతులను చూచి, వాటికి పట్టిక తయారుచేసెను. ఆ ప్రతులు అనేకములు పిమ్మట మదరాసుకు చేరుటకు ఆయన పూనికయే కారణము. మరల వచ్చి 1838లో పారసీ అనువాదకుడుగా కుదిరెను. 1840లో వ్యాకరణము వెలువడెను. 1846లో ఆయనకు పోస్టుమాస్టరు జనరలు పదవి కలిగెను. జాబులను దాచుకొను మనుష్యునికే జాబుల శాఖ పెత్తనము దొరికినందుకు మాకు నవ్వు వచ్చెను.

తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, ఇంగ్లీషు తెలుగు నిఘంటువు 1854లోను మదరాసులో క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. మేము సెమినరీలో చదువుకొన్నప్పుడు ఆ పెద్ద పుస్తకమును రెండు చేతులతో ఎత్తవలసివచ్చెడిది. అయితే మేము ఇప్పుడు చెప్పదలచినది దానినిగూర్చి కాదు. 1852లోనే ఆయన తెలుగు రీడరు అను పుస్తకము ప్రచురించెను. దానిలో కవిత్వము లేదు. జనులు సొంత పనులకు, వ్యాపారమునకు వ్రాసికొన్న జాబులు, పోలీసు సంగతులు, శిస్తు సంగతులు గల కాగితములు ఏర్చి కూర్చి, వాటికి ఇంగ్లీషు అనువాదమును, వ్యాకరణపు వివరణమును, చిన్న పదకోశమును జతచేసెను. క్రొత్తగా వచ్చు ఉద్యోగి రాజుల కథలకు ముందు ఈ జాబులు చదివి, జనులు నిజముగా ఏలాగు మాటలాడుదురో తెలిసికొనవలెనని ఆయన ఉద్దేశము. వాటిని పండితుల తెలుగులోనికి దిద్దించలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చి, వాడుక తెలుగుకొరకు పోరాడుటకు అరువదేండ్ల ముందటి మాట ఇది.

ఇచ్చట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఈ కొండ మీద మా మొదటి సంఘములో మాకు ఉత్తరములు వ్రాసిపెట్టు పని కూడ ఉండెడిది. అప్పటికి ఫోను సంకేతము చాపరాళ్లు ఎక్కినను అందెడిది కాదు. ఒక విధవరాలు పల్లపు దేశములో ఇటుకల బట్టీకి పోయిన కుమారునికి ఉత్తరము వ్రాయుమని వచ్చెను. సగము కువి మాట, సగము తెలుగు. పొగకు కండ్లు మండుచున్నవని, నల్ల మేక రెండు పిల్లలు పెట్టెననియు, ఒకటి చచ్చెననియు, వలిసెలు పూసినవనియు, వచ్చునప్పుడు ఎండు చేపలు తెమ్మనియు చెప్పెను. మేము క్రొత్తగా సెమినరీ విడిచి వచ్చినవారము. అవి ఉత్తరములో వ్రాయదగిన మాటలుగా మాకు తోచలేదు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, దేవుని కృప, ఈ లోక జీవితము అస్థిరమనుట, తల్లి ఆశీర్వాదము, మంచి గ్రాంథికములో ఒక పుట నింపితిమి. మేకను వ్రాయలేదు. చదివి వినిపించగా ఆమె ఏమియు అనలేదు. బాగుగ నున్నదనుకొంటిమి.

మూడు వారములకు ఆ కుర్రవాడు చీకటిలో ఇల్లు చేరెను. తల్లి చనిపోయెనని తలంచి వచ్చెను. ఆ మాటలు అమ్మ మాటలు కావు, సమాధియొద్ద పాస్టరుగారు చదివెడి మాటలు. ఇక అమ్మ లేదు గనుకనే ఎవరో వ్రాసిరని అతడు అనుకొనెను. చెప్పకుండ పని విడిచినందుకు బట్టీ యజమాని రెండు నెలల కూలి ఎగవేసెను. ఆ డబ్బుతోనే వారి బాకీ తీరవలసియుండెను. ఆమె మమ్మును నిందించలేదు. మేక ఇంకను బ్రతికియున్నదని కుమారునికి చూపెనట.

రోమీయులకు వ్రాసిన పత్రికను పౌలు చెప్పగా తెర్తియు వ్రాసెను. అతడు తన వందనము ఒక్కటి చివర చేర్చెను గాని, మిగిలినదంతయు పౌలు మాటలే. అది మాకు సెమినరీలో చెప్పబడినదే, చేతికి రాలేదు.

బ్రౌనుగారి కచేరీలు పల్లపు పట్టణములలో నుండెను. మన కొండలలో ఆయన కొలువు చేయలేదు. 1839లో కుంపిణీ ప్రభుత్వము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండ సీమలను మామూలు కోర్టులనుండి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగా నియమించి అతని చేతిలో పెట్టెను. నేటికిని మనము వాడెడి ఏజెన్సీ అను పేరు అక్కడిదే. చట్టము వేరైనను కాగితము చేసెడి హాని ఒకటే. ఏమి వ్రాసియున్నదో తెలియక సాహుకారి పత్రముమీద వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్నవారి మనుమలు మన సంఘములలో కూర్చుండుచున్నారు. 1959 నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, గిరిజనుని భూమి ఇతరులకు చెల్లకుండ చేసినవి గాని, అర్జీ వ్రాయవలసినప్పుడు నేటికిని ఎవరినో బ్రతిమాలవలసియున్నది.

బ్రౌను 1855లో కొలువు విడిచి లండనుకు పోయెను. 1865లో అక్కడి విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యుడాయెను. 1884 డిసెంబరు 12న మరణించగా కెన్సల్ గ్రీన్ శ్మశానములో పాతిపెట్టిరి. ఆయన దాచిన జాబులు మదరాసు గ్రంథాలయములో చిరకాలము ఎవరును విప్పకుండ ఉండెను. నెల్లూరివారైన బంగోరెగారు వాటిని ఓపికతో చదివి, 1970వ దశకములో అచ్చులోనికి తెచ్చిరి. కడప ఊరివారి దినచర్య, పాతగ్రంథముల బేరములు, నౌకర్ల కష్టసుఖములు వాటిలో కనబడినవి. కాలేజీ బంగళా పాడుపడగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పూనుకొని ఆ స్థలమునందే బ్రౌను పేర గ్రంథాలయము కట్టించిరి. కడపకు పోవు విశ్వాసులు దానిని చూచిరావచ్చును.

ఈ పత్రికకు మేము వ్రాయుచున్న భాషయు ఆ ఉభయకుశలోపరి వంశముదే అని మాకు తెలియును. అలవాటు పోలేదు. అయితే ఉత్తరములు వ్రాయునప్పుడు మాత్రము మారితిమి. ఆ కుర్రవాడు మరల బట్టీకి పోయిన పిమ్మట తల్లి మరల వచ్చెను. ఈసారి ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసితిమి, కువి మాటలు తెలుగు అక్షరములలో పెట్టి. మేకను వ్రాసితిమి. చోళ్లు ఎలుకలు తినుచున్నవని వ్రాసితిమి. ఎండు చేపలు ఈసారి రెండు కిలోలు కావలెననెను, అదియు వ్రాసితిమి.