ఎయిడ్స్ జాడ చెప్పిన చెన్నపట్నం డాక్టరమ్మ

1986కు ముందు మన దేశంలో ఎయిడ్స్ గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ. అదంతా అమెరికా జబ్బు, కట్టుబాట్లున్న మన గడ్డ మీదికి ఎందుకొస్తుందిలే అన్న ధీమా ఉండేది. పెద్ద పెద్ద డాక్టర్లకూ అదే నమ్మకం. ఆ ధీమా ఎంత ప్రమాదమో రక్తపరీక్షతో తేల్చిచెప్పింది చెన్నపట్నం డాక్టరమ్మ సునీతి సోలమన్. జబ్బు ఉందని చెప్పి ఊరుకోలేదు. అది సోకినవాళ్ల వెంట చివరిదాకా నిలబడ్డారు.

తోలు వ్యాపారుల ఇంటి బిడ్డ

చెన్నైలో స్థిరపడిన మరాఠీ కుటుంబం వాళ్లది. ఇంటి పేరు గైతొండే, తోలు వ్యాపారం. సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలో ఆమె డాక్టరీ చదివారు. గుండె శస్త్రవైద్యుడు విక్టర్ సోలమన్‌ను పెళ్లాడారు. కొన్నేళ్లు విదేశాల్లో పనిచేసి 1973లో తిరిగొచ్చారు. తాను చదివిన కాలేజీలోనే మైక్రోబయాలజీ ప్రొఫెసరయ్యారు.

అమెరికాలో స్వలింగ సంపర్కులైన పురుషుల్లో కొత్త జబ్బు బయటపడిందని 1980ల మొదట్లో వైద్య పత్రికల్లో వచ్చింది. మన దగ్గరా వెతికి చూద్దామని ఆమెకు అనిపించింది. ఆ పనిని తన పీజీ విద్యార్థిని చెల్లప్పన్ నిర్మలకు పరిశోధనాంశంగా అప్పగించారు.

కాట్పాడి రైల్లో ఐసు పెట్టె

మద్రాసులో బొంబాయి మాదిరి వేశ్యావాటిక లేదు. అందుకే పోలీసులు పట్టుకొచ్చిన మహిళలను ఉంచే ప్రభుత్వ వసతి గృహానికి నిర్మల వెళ్లారు. చేతికి గ్లౌజులు కూడా లేకుండానే రక్తం తీశారు. ఆ నమూనాలను దాచింది ఇంట్లోని ఫ్రిజ్‌లో. అప్పటికి చెన్నైలో ఈ పరీక్ష చేసే వసతి లేదు. నమూనాలను ఐసు పెట్టెలో సర్ది, రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, రాయవేలూరు సీఎంసీకి పట్టుకెళ్లారు. అక్కడ మొదటి విడతలోనే ఆరు నమూనాల్లో వైరస్ జాడ కనిపించింది. మళ్లీ పరీక్షించినా అదే ఫలితం. అమెరికాలోనూ ఖరారైంది. దేశంలో హెచ్‌ఐవీ ఉందని లోకానికి తెలిసింది అలాగే.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. దేనికోసం రక్తం తీస్తున్నారో ఆ మహిళలకు అప్పట్లో చెప్పలేదు. ఈ రోజుల్లో అలా చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. తర్వాతి కాలంలో సునీతి నడిపిన కేంద్రంలో పరీక్షకు ముందు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడటమే మొదటి పని అయ్యింది.

వెలి వేసిన రోజులు

ఆ రోజుల్లో హెచ్‌ఐవీ ఉందని తెలిస్తే ఆసుపత్రులే గేటు వేసేవి. ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయం డాక్టర్లలోనూ ఉండేది. ఈ రోగులతో పని వద్దని మొదట్లో భర్త కూడా అన్నారు. వాళ్ల బాధ వింటే మీరే పొమ్మంటారని ఆయనకు నచ్చజెప్పి, తన దారిన తాను నడిచారు.

1993లో తండ్రి పేరు మీద వై.ఆర్.గైతొండే కేంద్రం పెట్టారు. వైఆర్‌జీ కేర్ అంటే చెన్నైలో చాలామందికి తెలుసు. తరమణిలో వీహెచ్ఎస్ ఆసుపత్రి ఆవరణలో అది పెరిగింది. పరీక్ష, సలహా, మందులు అన్నీ ఒకే చోట దొరికేవి. ఒక్క భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాళ్లు కూడా హెచ్‌ఐవీతో అక్కడికి వచ్చేవారు. తప్పుచేసినవాళ్లకే వచ్చే జబ్బన్న ప్రచారం ఎంత అబద్ధమో వాళ్లను చూస్తేనే అర్థమయ్యేది.

పురుషులతో సంబంధాలున్న పురుషుల పరిస్థితి మరీ ఘోరం. 377 సెక్షన్ కింద వాళ్ల సంబంధం నేరం. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆ కత్తి వేలాడుతూనే ఉంది. నిజం చెబితే పోలీసు భయం, చెప్పకపోతే వైద్యం అందదు. వీళ్లకు నివారణ సేవలు ఎలా చేరువ చేయాలన్న పరిశోధనల్లోనూ ఆమె సంస్థ పాలుపంచుకుంది.

మందే అడ్డుగోడ

భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉంటే రెండోవారిని కాపాడేదెలా? దీనిపై 9 దేశాల్లో 1,763 జంటలతో పెద్ద అధ్యయనం జరిగింది. అందులో చెన్నై కేంద్రమూ ఉంది. తొందరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. అంటే రోగికి ఇచ్చే మందే ఇంకొకరికి రక్షణ.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకూ తోడు కావాలని ఆమె నమ్మారు. సరిపోయే సంబంధాలు వెతికి తానే పెళ్లిపెద్దగా కుదిర్చారు. ఆ కథ మీద 2017లో లవ్‌సిక్ అనే డాక్యుమెంటరీ వచ్చింది.

సునీతి 2015 జులై 28న క్లోమగ్రంథి క్యాన్సర్‌తో చెన్నైలో కన్నుమూశారు. 2017లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై వివక్షను నిషేధించే చట్టమూ అదే ఏడాది పార్లమెంటులో గట్టెక్కింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఉన్నాయి. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మనవాళ్లలో ఎందరో ఆ మందులతోనే పిల్లాపాపలతో బతికారు. పరీక్షకు వెళ్లాలంటే జంకు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె మిగిల్చిపోయిన పని అదే.