చిరిగిన కార్డులు అతికించిన మనిషి

పోయిన నెల ఒక సెక్షన్‌లో పాఠం మధ్యలో ఒక బాబు దగ్గర పాత క్రికెట్ కార్డుల కట్ట దొరికితే తీసి నా డెస్క్ డ్రాయర్‌లో పడేశాను. అంచులు అరిగిపోయి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఈ చెత్త స్కూలుకెందుకు తెచ్చావని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని జెఫర్సన్ బర్డిక్ జీవితం గురించి చదివాక అనిపించింది.

బర్డిక్ 1900లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో పుట్టారు. ఆయన చిన్నప్పుడు అక్కడ సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు వచ్చేవి. పొగ తాగేది పెద్దవాళ్లు, కార్డుల కోసం వెంటపడేది పిల్లలు. జేబుల్లో నలిగి, చేతులు మారి, చివరికి అటక మీదికో పొయ్యిలోకో పోయేవి.

చదువు అయ్యాక బర్డిక్ సిరక్యూస్ నగరంలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పరికరాల భాగాలు బిగించే పనిలో చేరారు. పెళ్లి చేసుకోలేదు. జీతం అంతంతమాత్రం. దానికి తోడు చిన్న వయసు నుంచే కీళ్లవాతం, వేళ్లు వంకర్లు పోయాయి. అయినా ఆ జీతంలోనే ఉత్తరాల ద్వారా కార్డులు కొన్నారు, ఇచ్చిపుచ్చుకున్నారు. అప్పట్లో మామూలు కార్డులు సెంట్ల లెక్కన దొరికేవి. మూల మడత పడిందా, మరక ఉందా అన్నది ఆయనకు తర్వాతి సంగతి. ఆ సెట్‌లో ఆ బొమ్మ ఉందా లేదా అన్నదే ముఖ్యం. కొత్తగా మెరిసేవే కావాలని పట్టుబట్టి ఉంటే ఆ జీతంతో ఒక పెట్టె కూడా నిండేది కాదేమో!

అసలు పని అక్కడ మొదలైంది. ఏ కంపెనీ ఏ కార్డులు ఎప్పుడు వేసిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. బర్డిక్ ఒక్కో సెట్‌కూ ఒక అక్షరం, ఒక అంకె ఇచ్చి, 1939లో తొలి కేటలాగ్ తెచ్చారు. తర్వాత అదే అమెరికన్ కార్డ్ కేటలాగ్‌గా స్థిరపడింది. 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఐదు వందలకు పైగా కార్డుల సెట్‌ను ఈ రోజుకీ ఆయన పెట్టిన టీ206 అనే పేరుతోనే పిలుస్తారు. అందులో అరుదైనది హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు. తన బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనడం ఇష్టంలేక ఆయనే ఆపించారని ఒక కథ, డబ్బు దగ్గర పేచీ అని మరో కథ. బర్డిక్ కేటలాగ్‌లో దాని వెల 50 డాలర్లు. 2022లో ఒక వాగ్నర్ కార్డు 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదీ పదికి రెండు మార్కులు వచ్చిన, బాగా నలిగిన కార్డే! (రెండు మార్కులకు మన ఇళ్లలో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.)

బర్డిక్ మాత్రం అమ్ముకోలేదు. 1947 నుంచి మూడు లక్షలకు పైగా కార్డులు, పోస్ట్‌కార్డులు, చిన్నచిన్న ముద్రిత కాగితాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చేశారు. ఇవ్వడంతో పని అయిపోలేదు. వాటిని వరుస పెట్టి ఆల్బమ్‌లలో అతికించే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు. ఫ్యాక్టరీ పనికి చేతులు సహకరించని దశలో న్యూయార్క్‌కే మకాం మార్చారు. ప్రింట్స్ విభాగంలో ఆయనకొక చిన్న బల్ల ఇచ్చారు. వంకర తిరిగిన వేళ్లతో జిగురు రాసి ఒక్కో కార్డూ అతికించేవారు. జిగురు పడితే కార్డు విలువ పోతుందని ఈనాటి సేకర్తలు తల పట్టుకుంటారు. కానీ ఆయన వాటిని ఎవరికైనా అమ్మాలనుకుంటే కదా!

పని పూర్తయ్యేదాకా ఉంటానో లేదో అన్న బెంగ ఆయనకు ఉండేది. 1963 జనవరి 10 సాయంత్రం ఆఖరి పేజీ అయింది. ఇక రానని చెప్పి, కష్టపడి కోటు తొడుక్కుని వెళ్లిపోయారు. మర్నాడు ఆసుపత్రిలో చేరారు, మార్చి 13న కన్నుమూశారు. ఆయన అతికించిన వాగ్నర్ కార్డు ఆ మ్యూజియంలోనే ఉంది.

మా బాబు కట్ట నిన్న లెక్కపెట్టాను. 43 కార్డులు. ఒక్కో టీమ్‌వీ విడదీసి, మధ్యలో నోట్‌బుక్ కాగితం ముక్కలు పెట్టుకున్నాడు. ముందు నేనది చూడలేదు. ఈ శనివారం పీటీఎంలో మీరు వచ్చినప్పుడు, మీ చేతికి కాదు, వాడి చేతికే ఇస్తాను.